బంతి ఎవరిది? అమెరికన్ ఫుట్‌బాల్ ఎలా పుట్టింది

పోయిన థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. భోజనాలయ్యాక ఇల్లంతా టీవీ ముందు చేరింది. ఒకతను కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని గీత దాటి పరిగెత్తాడు. స్టేడియం లేచి నిలబడింది. "టచ్‌డౌన్ అంటే బంతిని నేలకి తాకించడమే కదరా, ఇతను ఎక్కడా తాకించలేదేం?" అని మా మేనల్లుణ్ణి అడిగాను. ఆ ఆటలో వాడికి తెలియని రూలు లేదు. అలాంటివాడు కాసేపు ఆలోచించి, "ఏమో మావయ్యా, గీత దాటితే చాలు, అంతే" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒకటి పట్టుకుంటే ఇంకో నాలుగు దొరికాయి. చేతులతో ఆడే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేమిటి? అయిదారు సెకన్లు ఆడి ఆగిపోవడం, మళ్ళీ వరసలు కట్టడం ఎందుకు? టచ్‌డౌన్ అయ్యాక, గెలిచినట్టే ఉన్నా మళ్ళీ ఒక కిక్ కొట్టడం ఎందుకు? మధ్యలో నిలబడి ఆట నడిపించేవాణ్ణి 'పావు వెనక' అని అర్థం వచ్చేలా క్వార్టర్‌బ్యాక్ అనడం ఎందుకు? చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, ఈ ఆటని ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టలేదు. యాభై ఏళ్ళపాటు ఒక చిక్కు విప్పడానికి ఒక రూలు పెట్టారు, ఆ రూలు ఇంకో చిక్కు తెచ్చింది, దానికి మరో రూలు. ఈ చిక్కులన్నిటికీ అడుగున ఉన్నది ఒకే ప్రశ్న: బంతి ఎవరిది?

సాకర్‌లో, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆటలో, రగ్బీలో బంతి ఎవరిదీ కాదు. కాలికి అందినంతసేపు నాది, జారితే నీది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. ఈ క్షణాన బంతి ఫలానా జట్టుదని రూలే చెబుతుంది. ఆ తేడా అర్థమైతే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

కంచె కూలిన మధ్యాహ్నం

మా చెల్లెలి ఇంటికి కాస్త దూరంలోనే న్యూ బ్రన్స్‌విక్ ఉంది. అక్కడి రట్గర్స్ యూనివర్సిటీలో ఇవాళ మన తెలుగు పిల్లలు బోలెడుమంది చదువుతున్నారు. కాలేజ్ అవెన్యూలో జిమ్నాసియం ఉన్న ప్రాంతంలో అప్పట్లో ఖాళీ మైదానం ఉండేది. 1869 నవంబర్ 6న అక్కడే రట్గర్స్‌కీ ప్రిన్స్‌టన్‌కీ ఆట జరిగింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మొదటి మ్యాచ్ ఇదేనని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. 

జట్టుకి 25 మంది. బంతి గుండ్రంగా ఉంది. దాన్ని తన్నవచ్చు, తలతోనో చేత్తోనో కొట్టవచ్చు. కానీ పట్టుకుని పరిగెత్తకూడదు, విసరకూడదు. ఎదుటి గోల్‌లోకి పంపితే ఒక పాయింటు. యూనిఫారాలు లేవు. కోట్లు, టోపీలు గట్టున పెట్టి దిగారు. గుర్తు తెలియడానికి రట్గర్స్ కుర్రాళ్ళలో కొందరు తలకి ఎర్రగుడ్డలు పాగాల్లా చుట్టుకున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఓ వంద మంది, చాలామంది కంచె మీద ఎక్కి కూర్చున్నారు. బంతి అటు దొర్లితే ప్రిన్స్‌టన్ వైపు భారీ మనిషి ఒకడూ, రట్గర్స్ కుర్రాడు ఒకడూ ఒకేసారి దాని వెంట పడి, ఆగలేక కంచెని గుద్దారు. కంచె, దాని మీద జనం, అంతా కలిసి కిందపడ్డారు. చివరికి రట్గర్స్ 6–4 తేడాతో గెలిచింది. వారం తిరిగేసరికి ప్రిన్స్‌టన్ తన ఊళ్ళో 8–0తో బదులు తీర్చుకుంది.

ఇందులో అమెరికన్ ఫుట్‌బాల్ ఏది? నా మట్టుకు నాకు ఏదీ కనిపించదు. ఈ రూళ్ళు 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ రాసిన రూళ్ళకి దగ్గరి చుట్టాలు. సాకర్ పుట్టింది కూడా ఆ అసోసియేషన్ రూళ్ళనుంచే. న్యాయంగా చెప్పాలంటే ఆ మధ్యాహ్నం న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది పాతికమంది చొప్పున ఆడిన సాకర్. కాకపోతే రెండు కాలేజీలు ఫలానా రూళ్ళని ఒప్పుకుని, ఒక తేదీ అనుకుని ఆడిన ఆట అది. ఫుట్‌బాల్ పేరుతో అమెరికాలో కాలేజీల మధ్య పోటీ అక్కడ మొదలైందంటే సరిగ్గా ఉంటుంది.

అంతకుముందు ఆట లేదని కాదు. హార్వర్డ్‌లో ఏటా చదువులు మొదలయ్యే మొదటి సోమవారం కొత్త విద్యార్థులకీ రెండో ఏడాది వాళ్ళకీ బంతి పేరుతో ఒక కొట్లాట జరిగేది. దానికి 'బ్లడీ మండే' అని పేరు, అంటే నెత్తుటి సోమవారం. 1860లో కాలేజీ దాన్ని నిషేధించింది. విద్యార్థులు ఊరుకోలేదు. బంతికి శవయాత్ర చేసి, గొయ్యి తవ్వి పాతిపెట్టారు. ఏల్ యూనివర్సిటీ కూడా దాదాపు అదే సమయంలో ఆటని ఆపించింది. పదేళ్ళ తర్వాత మళ్ళీ పుంజుకున్నప్పుడు ఎవరి రూళ్ళు వాళ్ళవి. హార్వర్డ్ ఆడేదాన్ని 'బోస్టన్ గేమ్' అనేవారు. అందులో ఒక వెసులుబాటు ఉంది. బంతిని చేతిలోకి తీసుకోవచ్చు, ఎవరైనా తరుముతుంటే దాంతో పరిగెత్తవచ్చు కూడా.

1873 అక్టోబర్‌లో ఏల్, ప్రిన్స్‌టన్, రట్గర్స్, కొలంబియా ప్రతినిధులు న్యూయార్క్‌లో ఒక హోటల్లో కూర్చుని అందరికీ ఒకే రూళ్ళు రాసుకున్నారు. అవి సాకర్ తరహావి. హార్వర్డ్‌నీ పిలిచారు. చేతుల్తో పట్టే మా ఆటా, కాళ్ళతో ఆడే మీ ఆటా పొసగవని హార్వర్డ్ రానంది. అమెరికా ఇవాళ సాకర్ దేశం కాకపోవడానికి ఇదే మొదటి మలుపని నాకు అనిపిస్తుంది. ఆ రోజు హార్వర్డ్ వాళ్ళు రైలెక్కి ఉంటే, మా మేనల్లుడు మెస్సీ పేరు తప్ప ఇంకో పేరు ఎత్తేవాడు కాదేమో.

కెనడా నుంచి వచ్చిన కోడిగుడ్డు బంతి

తోటి కాలేజీలతో తెగతెంపులు చేసుకున్న హార్వర్డ్‌కి ఆడటానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు కెనడాలో మాంట్రియల్ నుంచి మెక్‌గిల్ యూనివర్సిటీ జట్టు వచ్చింది. 1874 మే 14న హార్వర్డ్ రూళ్ళతో ఆడారు. హార్వర్డ్ సునాయాసంగా 3–0తో గెలిచింది. మర్నాడు మెక్‌గిల్ వంతు. వాళ్ళు రగ్బీ ఆడతారు. బంతి గుండ్రంగా కాకుండా కోలగా ఉంది. తరిమినా తరమకపోయినా పట్టుకుని పరిగెత్తవచ్చు. పట్టుకుని పడెయ్యవచ్చు. ఆట 0–0తో ముగిసింది, కానీ హార్వర్డ్ కుర్రాళ్ళ మనసు ఆ బంతికి అతుక్కుపోయింది. తమ ఆటని పక్కనపెట్టి రగ్బీ పట్టుకున్నారు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఏల్‌ని ఒప్పించి, కొంచెం అటూ ఇటూ సర్దుబాటు చేసుకున్న రూళ్ళతో న్యూ హేవెన్‌లో ఆడారు. ఏల్ 4–0తో ఓడింది, ఓడి మరీ ఆ ఆటకి దాసోహమంది. చూడ్డానికొచ్చిన ప్రిన్స్‌టన్ వాళ్ళదీ అదే దారి. 1876 నవంబర్ 23న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మసాసోయిట్ హౌస్ అనే హోటల్లో కలిసి, ఇంగ్లండ్ రగ్బీ రూళ్ళని చిన్న చిన్న మార్పులతో తమవి చేసుకున్నారు.

మా టచ్‌డౌన్ ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. ఆనాటి రగ్బీలో ఎదుటివాడి గీత దాటి బంతిని నిజంగానే నేలకి తాకించాలి. తాకిస్తే ఏమొస్తుంది? విడిగా పాయింట్లేమీ రావు! గోల్‌కి కిక్ కొట్టే హక్కు వస్తుంది, అంతే. రగ్బీలో దాన్ని ఇప్పటికీ 'ట్రై' అంటారు, ప్రయత్నమని అర్థం. అసలు పాయింటు కాలితో వచ్చేది. కాబట్టి అది ఫుట్‌బాలే. తర్వాత నలభై ఏళ్ళలోపే లెక్క పూర్తిగా తిరగబడింది. 1883లో మొదటిసారి పాయింట్ల పట్టిక రాసినప్పుడు టచ్‌డౌన్‌కి 2, దాని తర్వాతి కిక్‌కి 4, ఆట నడుస్తుండగా కొట్టిన ఫీల్డ్ గోల్‌కి 5. మరుసటి ఏడాదికే టచ్‌డౌన్ 4 అయింది, కిక్ 2కి దిగింది. 1898లో 5, 1. 1912లో టచ్‌డౌన్ 6 దగ్గర నిలిచింది. ఒకప్పుడు అసలు బహుమతిగా ఉన్న ఆ కిక్కే ఇవాళ టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఒక్క పాయింటు కిక్. తాకించడం పోయింది, తాకించడమనే మాట మిగిలింది.

గడియారాల కంపెనీ మనిషి

వాల్టర్ క్యాంప్ 1859లో కనెటికట్‌లో పుట్టాడు. 1876లో, అంటే రగ్బీ రూళ్ళు ఒప్పుకున్న ఏడాదే, ఏల్‌లో చేరాడు. ఆరేళ్ళకి పైగా ఆడాడు. తర్వాత న్యూ హేవెన్‌లో గడియారాల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఏల్ ఆటగాళ్ళని తన ఇంట్లో కూర్చోబెట్టి ఆట గురించి మాట్లాడేవాడు. ప్రతి ఏడాదీ రూళ్ళ సమావేశానికి వెళ్ళేవాడు. గడియారంలో ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతుందో తెలిసిన మనిషి ఆటనీ అలాగే చూశాడు.

అతను చూసిన చిక్కు 'స్క్రమ్'. రగ్బీలో బంతి పట్టుకున్నవాణ్ణి పడేస్తే, వాడు 'డౌన్' అని అరిచి బంతిని నేల మీద పెడతాడు. రెండు జట్లూ దాని చుట్టూ మూగి, ఒకరినొకరు తోసుకుంటూ కాళ్ళతో ముందుకి నెట్టాలి. బంతి ఎటు బయటపడుతుందో దేవుడికే ఎరుక. ఇంగ్లండ్ పిల్లలకి ఆ రూళ్ళతో పాటు బళ్ళో పెద్దవాళ్ళు ఆడుతుండగా చూసి నేర్చుకున్న మర్యాదలూ తెలుసు. అమెరికా కుర్రాళ్ళకి అచ్చులో ఉన్న రూళ్ళు మాత్రమే దొరికాయి. ఆడి చూపించే పెద్దలు లేరు. రూలు ఏమంటోంది, ఏమనడం లేదు అని లాయర్లలా తవ్వారు. బంతిని ముందుకి తన్నే బదులు మడమతో మెల్లిగా వెనక్కి, తమవాడికి తోస్తే పోలా అని తోచింది.

1880లో క్యాంప్ ఆ దొంగచాటు పనిని రూలుగా రాయించాడు. పడినచోట ఒక ఊహాగీత. బంతి పట్టుకున్న జట్టు గీతకి ఇటు, ఎదుటి జట్టు అటు. మధ్యలో ఉన్నవాడు బంతిని కాలితో వెనక్కి తోస్తాడు. చేత్తో అందించడం తర్వాత వచ్చింది. దాన్ని మొదట అందుకున్నవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అనాలని కూడా అందులోనే రాశారు. ముందు వరసకీ, వెనక నిలబడే హాఫ్‌బ్యాక్‌కీ, ఇంకా వెనకున్న ఫుల్‌బ్యాక్‌కీ ఉన్న దూరాల్లో అతనిది పావు దూరమన్నమాట. అందుకున్నవాడు తనే బంతితో ముందుకి ఉరకకూడదు, ఇంకొకరికి ఇవ్వాలి. అంటే ఇవాళ కోట్ల డాలర్లు సంపాదించే ఆ స్థానం మొదట కేవలం మధ్యవర్తి ఉద్యోగం. జట్టుకి 15 మంది బదులు 11 మంది అన్నదీ ఆ ఏడాది రూలే.

స్క్రమ్‌లో బంతి లాటరీ. గీత గీశాక బంతి ఒకరి సొత్తు. ఎవరి దగ్గర ఉందో ముందే తెలిస్తే, దాంతో ఏం చెయ్యాలో ముందే అనుకోవచ్చు. గుసగుసగా చెప్పుకోవచ్చు, అంకెల్లో సంకేతాలు పెట్టుకోవచ్చు, వారమంతా సాధన చెయ్యవచ్చు. కోచ్ అనేవాడికి చోటు దొరికింది. ఆట అయిదారు సెకన్లకోసారి ఆగేది ఇందుకే. ఒక ఎత్తు అయిపోయింది, తర్వాతి ఎత్తుకి పావులు సర్దుకుంటున్నారు. చదరంగంలో ఎత్తుకీ ఎత్తుకీ మధ్య నిశ్శబ్దాన్ని ఆట ఆగిందని ఎవరూ అనరు కదా.

మరి బంతి నా సొత్తయితే నీకెందుకివ్వాలి? ఏడాదిలోపే ఈ ప్రశ్న వచ్చింది. 1881లో ప్రిన్స్‌టన్, ఏల్ తలపడ్డాయి. మొదటి సగమంతా ప్రిన్స్‌టన్ బంతిని కావలించుకుని కూర్చుంది. ఒక అడుగు ముందుకి, పడటం, మళ్ళీ ఒక అడుగు, పడటం. ఎదుటివాడు తోసుకొస్తే తమ గీత వెనక్కి పోయి తామే బంతిని నేలకి తాకించడం. అలా చేస్తే నష్టమేమీ లేదు, బంతి మళ్ళీ తమకే వచ్చేది. రెండో సగంలో ఏల్ అదే పని చేసింది. స్కోరు 0–0. డబ్బిచ్చి వచ్చిన జనం ఈలలు వేశారు, పత్రికలు తిట్టిపోశాయి. ఆట అక్కడే చచ్చిపోవాల్సింది.

1882లో క్యాంప్ దానికి మందు వేశాడు. మూడు డౌన్‌లలో, అంటే మూడుసార్లు పడేలోపు, 5 గజాలు ముందుకి వెళ్ళకపోతే బంతి ఎదుటివాడిది. మన క్రికెట్‌లో ఓవర్‌కి బంతులు లెక్కపెట్టినట్టు ఇక్కడ అవకాశాలు లెక్కపెట్టారు. ఆ రూల్లో ఒక విచిత్రం కూడా ఉంది. 5 గజాలు ముందుకైనా వెళ్ళాలి, లేదా 10 గజాలు వెనక్కైనా పోవాలి. వెనక్కి పోతే బంతి ఉంచుకోవచ్చు! బంతిని వదులుకోవడమంటే అప్పటివాళ్ళకి ఎంత కష్టంగా అనిపించేదో ఆ ఒక్క మినహాయింపు చెబుతుంది. మరి 5 గజాలు వెళ్ళారో లేదో ఎలా తెలుస్తుంది? మైదానానికి అడ్డంగా ప్రతి 5 గజాలకీ సున్నంతో గీత గీశారు. పైనుంచి చూస్తే మాంసం కాల్చే ఇనుప చట్రంలా ఉంది. దాన్ని ఇంగ్లీషులో గ్రిడైరన్ అంటారు. ఆట ముద్దుపేరు ఆ గీతలదే.

నన్నడిగితే అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టినరోజు 1869లో లేదు. 1880కీ 1882కీ మధ్య, ఆ రెండు రూళ్ళ మధ్య ఉంది.

ముద్దగా కదిలే జనం

మూడు ప్రయత్నాల్లో 5 గజాలంటే ప్రయత్నానికి రెండు గజాలు చాలు. దానికి తెలివి అక్కర్లేదు, బరువు చాలు. 1888లో మోకాళ్ళ దాకా కింద పట్టుకుని పడెయ్యవచ్చని అనుమతించాక, ఖాళీలో పరిగెత్తేవాడికి బతుకు లేకపోయింది. జట్లు మైదానమంతా పరుచుకోవడం మానేసి ఒకరికొకరు దగ్గరగా జరిగారు. బంతి ఉన్నవాణ్ణి మధ్యలో పెట్టుకుని, వెనకనుంచి తోస్తూ, ముందునుంచి లాగుతూ ముద్దగా ఎదుటివాళ్ళ మీద పడటమే పద్ధతైంది.

1892లో హార్వర్డ్‌కి సాయపడిన లోరిన్ డీలాండ్ అసలు ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. చదరంగం ఆడేవాడు, నెపోలియన్ యుద్ధాలు చదివినవాడు. బలాన్నంతా ఒక్క బిందువు మీదికి తెస్తే ఏ గోడైనా కూలుతుందన్నది ఆ చదువు సారం. ఏల్‌తో ఆటలో రెండో సగం మొదలవుతూనే హార్వర్డ్ ఆటగాళ్ళు రెండు గుంపులుగా చాలా వెనకనుంచి పరుగు లంకించుకుని, బంతి దగ్గర బాణం మొనలా కలిసి, లోపల తమవాణ్ణి దాచుకుని దూసుకుపోయారు. దానికి 'ఫ్లయింగ్ వెడ్జ్' అని పేరు. ఆ రోజు గెలిచింది ఏలే, 6–0. కానీ మరుసటి ఏడాదికల్లా దేశంలో ప్రతి జట్టూ ఏదో ఒక రకం వెడ్జ్ పట్టుకుంది. ఆ మొనకి ఎదురు నిలబడిన కుర్రాడి సంగతి ఊహించండి. హెల్మెట్లు లేవు. దెబ్బ తగలకుండా జుట్టు గుబురుగా పెంచుకునేవారు, అదే రక్ష. 1894లో వెడ్జ్‌ని నిషేధించారు. అదే ఏడాది హార్వర్డ్, ఏల్ ఆట ఎంత రక్తపాతంగా జరిగిందంటే రెండేళ్ళపాటు ఆ రెండు కాలేజీలు మళ్ళీ తలపడలేదు. వెడ్జ్ పేరు పోయింది, ముద్దగా తోసుకోవడం మాత్రం పోలేదు.

1905 సీజన్‌లో 18 మంది చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ లెక్కగట్టింది. వాళ్ళలో ఎక్కువమంది స్కూలు పిల్లలు. ఆ సంఖ్య దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆట చరిత్రల్లో ఇది సంస్కరణకి దారి తీసిన ఘట్టంగా ఒక వాక్యంలో దాటిపోతుంది. సంస్కరణ రావడానికి 18 ఇళ్ళలో పిల్లలు పోవాల్సి రావడాన్ని అంత తేలిగ్గా దాటడం నావల్ల కాలేదు.

ఇక్కడ అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆటని నిషేధిస్తానని బెదిరించాడని, దాంతో అందరూ దారికొచ్చారని. అది అతిశయోక్తి. రూజ్‌వెల్ట్‌కి ఈ ఆటంటే ప్రాణం. వాళ్ళబ్బాయి ఆ ఏడాది హార్వర్డ్ కొత్త విద్యార్థుల జట్టులో ఆడుతున్నాడు. అక్టోబర్ 9న హార్వర్డ్, ఏల్, ప్రిన్స్‌టన్ మనుషుల్ని వైట్‌హౌస్‌కి పిలిచి, రూళ్ళని అక్షరాలా, మనసారా పాటించమని చెప్పాడు. వచ్చినవాళ్ళలో వాల్టర్ క్యాంప్ కూడా ఉన్నాడు. పాటిస్తామని ఒక ప్రకటన ఇచ్చారు. ఆటలో ఏమీ మారలేదు.

మార్చింది నవంబర్ 25. న్యూయార్క్ యూనివర్సిటీతో ఆడుతూ యూనియన్ కాలేజీ కుర్రాడు హెరాల్డ్ మూర్ చనిపోయాడు. తమ మైదానంలో పిల్లవాడు పోవడం చూసిన న్యూయార్క్ యూనివర్సిటీ చాన్సలర్ హెన్రీ మెక్‌క్రాకెన్, ఆటని బాగుచేద్దామా, ఎత్తేద్దామా తేల్చుకుందామని కాలేజీలకి పిలుపునిచ్చాడు. డిసెంబర్ ఆఖరుకి 60కి పైగా కాలేజీలు కదిలాయి. అంతవరకూ రూళ్ళంటే క్యాంప్, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది పాత కాలేజీల వాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పక్కన కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఆ కూటమే 1910లో ఎన్‌సీఏఏ అని పేరు మార్చుకుంది; అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంఘం అదే. ఈలోగా కొలంబియా ఆటనే వదిలేసింది. పడమర తీరంలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీలు రగ్బీకి వెళ్ళిపోయాయి.

గాలిలోకి లేచిన బంతి

ముద్దగా మూగే జట్లని విడగొట్టడమెలా? ఒక ఆలోచన, 5 గజాల బదులు 10 గజాలు వెళ్ళాలనడం. అప్పుడు రెండేసి గజాల తోపులాట చాలదు, పక్కలనుంచి పరిగెత్తక తప్పదు. ఇది క్యాంప్ మాట. ఇంకో ఆలోచన, బంతిని ముందుకి విసరనివ్వడం. విసురుతారేమోనన్న భయం ఉంటే ఎదుటి జట్టు అందరూ ఒకచోట మూగలేరు, వెనక్కి చెదరాలి. కోచ్ జాన్ హైస్‌మన్ కొన్నేళ్ళుగా దీని కోసం మొత్తుకుంటున్నాడు. క్యాంప్‌కి ఇది నచ్చలేదు. చివరికి 1906లో రెండూ రూళ్ళయ్యాయి. రెండు వరసల మధ్య బంతి పొడవంత ఖాళీ జాగా కూడా ఆ ఏడాదే వచ్చింది. అంతకుముందు ముక్కూ ముక్కూ తాకేలా నిలబడి, బంతి కదలకముందే గుద్దుకునేవారు.

ఫార్వర్డ్ పాస్‌ని ఇచ్చారు గానీ, పెళ్ళికి పిలిచి వడ్డన మరిచినట్టు ఇచ్చారు. విసిరిన బంతి ఎవరికీ తాకకుండా నేల పడితే, బంతి ఎదుటివాళ్ళకి పోతుంది. మధ్యనుంచి పక్కకి 5 గజాలు జరిగాకే గీత దాటించాలి. అది చూడ్డానికి మైదానంలో నిలువు గీతలూ ఉండేవి. బంతి కూడా ఇప్పటిలా సన్నగా లేదు, పుచ్చకాయలా బొద్దుగా ఉండేది. చాలామంది కోచ్‌లు ఈ రూలుని పక్కన పడేశారు.

సెయింట్ లూయీ యూనివర్సిటీ కోచ్ ఎడీ కోకమ్స్ పడెయ్యలేదు. ఆ వేసవంతా కుర్రాళ్ళతో విసిరించాడు. 1906 సెప్టెంబర్ 5న విస్కాన్సిన్‌లో క్యారల్ కాలేజీతో ఆడుతూ బ్రాడ్‌బరీ రాబిన్సన్ బంతిని ముందుకి విసిరాడు. ఆటలో మొట్టమొదటి చట్టబద్ధమైన పాస్ అదేనంటారు. అది నేల పడింది! రూలు ప్రకారం బంతి క్యారల్‌కి పోయింది. సరిపోయిందని ఊరుకోకుండా అదే ఆటలో మళ్ళీ విసిరాడు. ఈసారి జాక్ ష్నైడర్ పట్టుకుని గీత దాటాడు. 22–0తో గెలిచారు.

అయినా ఈ కొత్త ఆయుధంతో ఏం చెయ్యవచ్చో దేశానికి చూపించింది వేరేవాళ్ళు. పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ స్కూల్ ఉండేది. 1879లో పెట్టారు. ఆదివాసీ తెగల పిల్లల్ని ఇళ్ళనుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా తెల్లవాళ్ళలా మార్చడం దాని ఉద్దేశం. ఆ పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. పెద్ద కాలేజీల ఆటగాళ్ళ కంటే బరువు తక్కువ. తోసుకోవడంలో గెలవలేరు. కాబట్టి వేగం, మాయ, ఇప్పుడు పాస్. 1903లో హార్వర్డ్ మీద ఒకడు బంతిని వీపు మీద స్వెటర్ లోపల దాచుకుని గీత దాకా పరిగెత్తేశాడు. హార్వర్డ్ వాళ్ళు బంతి కోసం వెతుకుతూనే ఉన్నారు. 1907లో కోచ్ పాప్ వార్నర్ దగ్గర సాధన చేసి, ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీని 26–6తో ఓడించారు. అందులో పీట్ హౌజర్ గింగిరాలు తిరుగుతూ పోయేలా బంతిని దూరానికి విసిరితే, పరిగెత్తుతున్న తనవాడి చేతుల్లో పడింది. 1912లో జిమ్ థార్ప్ ఉన్న కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్ సైనికాకాడమీని 27–6తో చిత్తు చేసింది. ఎదుటి జట్టులో తర్వాత దేశాధ్యక్షుడైన డ్వైట్ ఐజెన్‌హోవర్ ఉన్నాడు. సైన్యం చేతిలో తాతలు భూములు పోగొట్టుకున్న పిల్లలు, సైన్యం బళ్ళోనే ఆ సైన్యం కుర్రాళ్ళని ఓడించారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు అన్నిటికన్నా గొప్ప మధ్యాహ్నం అది. 1913లో నోటర్ డామ్ జట్టు, గస్ డొరై విసిరితే న్యూట్ రాక్నీ పడుతూ, అదే వెస్ట్ పాయింట్‌లో 35–13తో గెలిచింది. పాస్ కథ ఎక్కడ చెప్పినా ఈ ఆట పేరే ముందు వస్తుంది. కార్లైల్ పిల్లలు ఆరేళ్ళ ముందే చేసి చూపించిన సంగతి దాని నీడలో ఉండిపోయింది.

1909లో మళ్ళీ మరణాలు. మరుసటి ఏడాది బంతి ఉన్నవాణ్ణి వెనకనుంచి తొయ్యడం, లాగడం ఆపేశారు. ముందు వరసలో కనీసం ఏడుగురు ఉండాలన్నారు. ఆటని 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. 1912లో 10 గజాలకి నాలుగో అవకాశం ఇచ్చారు. మైదానం 110 గజాల నుంచి 100 గజాలకి తగ్గింది, రెండు చివర్లా గోల్ గీత అవతల పదేసి గజాల జాగా, ఎండ్ జోన్, వచ్చింది. 1912 నాటివాణ్ణి తెచ్చి మా చెల్లెలి ఇంట్లో టీవీ ముందు కూర్చోబెడితే ఆట అర్థమవుతుంది. 1882 వాడికి సగం అర్థమవుతుంది. 1869 వాడు మాత్రం, వీళ్ళు బంతిని ఎందుకు తన్నడం లేదని అడుగుతాడు.

డబ్బు సంగతి వేరే పెద్ద కథ. 1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్ దగ్గర అలెఘెనీ క్లబ్బు, ఏల్ మాజీ ఆటగాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్‌కి ఒక్క ఆటకి 500 డాలర్లు ఇచ్చింది. బయటికి చెప్పలేదు. లెక్కల పుస్తకంలో ఆ పద్దు చాలా ఏళ్ళ తర్వాత బయటపడి, డబ్బు తీసుకుని ఆడిన మొదటి ఆటగాడు ఇతనేనని తేలింది. 1920 సెప్టెంబర్ 17న ఒహాయోలోని కాంటన్‌లో రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూములో జట్ల యజమానులు చేరారు. కుర్చీలు చాలక కొందరు కార్ల మెట్ల మీద కూర్చున్నారు. కార్లైల్ కుర్రాడు జిమ్ థార్ప్‌ని అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. రెండేళ్ళకి ఆ సంఘం పేరు ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది, అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్.

వాల్టర్ క్యాంప్ వీటన్నిటినీ చూశాడు. తను వద్దన్న ఫార్వర్డ్ పాస్ ఆటకి ప్రాణంగా మారడమూ చూశాడు. అయినా రూళ్ళ సమావేశాలకి వెళ్ళడం మానలేదు. 1925 మార్చిలో న్యూయార్క్‌లో కమిటీ కూర్చుంటే అరవయ్యారోయేటా వెళ్ళాడు. 14వ తేదీ పొద్దున ఆయన సమావేశానికి రాలేదు. హోటల్ గదికి వెళ్ళి చూస్తే, రాత్రి నిద్రలోనే పోయాడు.